ఒడిశా నెలలు తెలిసిన నర్సమ్మ

మంగళవారాలు సర్కారు దవాఖాన నుంచి ఇటుక బట్టీలకు వచ్చే నర్సమ్మ ముందుగా మగవాళ్లను రేకుల గది బయటికి పంపేది. తరువాత ఎదుట కూర్చున్న పిల్లతో, "నీ మాట చెప్పు బిడ్డా" అనేది. రిటైరైన టీచర్ని కనుక రిజిస్టర్ రాయడానికి నేను వెంట వెళ్లేదాన్ని.

ఒకసారి ఒడిశా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల, చంకలో పాలు తాగే బిడ్డతో, ఈ కడుపు ఇప్పుడు వద్దని వచ్చీరాని తెలుగులో చెప్పి ఏడ్చింది. ఆఖరి నెలసరి పుష్య అమావాస్యకు వచ్చిందట. పంచాంగం చూసి, "నాలుగు వారాల రెండు రోజులు. మాత్రలకు తొమ్మిది వారాల దాకా గడువుంది, తొందరలేదు" అన్నాను.

నర్సమ్మ నా చేయి పట్టుకుంది.

"ఆగుండ్రి పంతులమ్మా. నాలుగు వారాలకే గిన్ని వాంతులైతయా? వాళ్ల దిక్కు నెల పున్నమికే అయిపోతది, మన లెక్క అమాసకు కాదు. వాళ్ల పుష్య అమాస మనకంటే నెల ముందే వస్తది. తొమ్మిదో వారం నడుస్తుంది, ఇయ్యాల్నే దవాఖానకు పోవాలె."

గుమ్మంలోంచి మేస్త్రి, "మొగని సంతకం లేకుంటెట్ల?" అన్నాడు.

"కనేది మొగడా? ఆమె సంతకం చాలు. జర జరుగు."

నా అంకె కొట్టేసి దిద్దుకున్నాను. దవాఖానలో డాక్టరమ్మ నర్సమ్మ వైపు చూసి, "ఏమైంది?" అని అడిగింది. నర్సమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది.

"నా మాట నేను చెప్త" అంది ఆ పిల్ల.