దీపాలవేళ అనకూడని మాట

మా చిన్నప్పుడు... మద్రాసు పురసవాక్కంలో దీపాలు పెట్టే వేళ. మా అవ్వ కుందిలో నూనె పోస్తా ఉంది. నేను బియ్యం డబ్బా మూత తీసి, వీధి వాకిలి దాకా వినపడేటట్టు "అవ్వా, బియ్యం లేవు" అని ఒక్క కేక పెట్టినా...

అంతే. నూనె చేత్తోనే వచ్చి నా నోరు మూసేసింది. మూతి నిండా నూనె!

"లేవు అనొద్దే తల్లీ. నిండుకున్నాయి అనాల," అనింది.

అంగళ్ళు పెట్టుకుని బతికే ఇండ్లు మావి. తాత బట్టల కొట్లో అడిగిన రంగు లేకపోయినా లేదనేవాడు కాదు... వస్తా ఉండాది, కూర్చోండి అనేవాడు. ఇంట్లో పొద్దున లేస్తే అన్నీ వద్దులే. గడప మీద కూర్చోవద్దు, దీపం పెట్టినాక చిమ్మొద్దు, బయటికి పొయ్యేవాళ్ళని యాడికని అడగొద్దు. అబ్బబ్బ, ఎంత విసుక్కునేదాన్నో!

ఇప్పుడు మేముండేది అదే ఊళ్ళో, షోళింగనల్లూరులో. మా పాపకి బళ్ళో స్పానిష్ చెప్తారు. పోయిన వారం "వద్దు" అని ఎట్లా చెప్పాలో నేర్పించారంట. వంటింటి గట్టెక్కి కూర్చుని నాకే పాఠం... ఆబ్లా అంటే మాట్లాడు, నో ఆబ్లెస్ అంటే మాట్లాడొద్దు. కోమె అంటే తిను, నో కోమాస్ అంటే తినొద్దు. "ఆ" ఉన్న చోట "ఎ" వస్తుందంట, "ఎ" ఉన్న చోట "ఆ" వస్తుందంట. అది గడగడా చెప్తా ఉంటే పక్కింటికి కూడా వినపడితే బాగుండు అనుకున్నా, అబద్ధమెందుకు!

మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆ సాయంత్రం దీపం కింద పోసేదానికి గుప్పెడు బియ్యం తెమ్మని పాపని పంపించింది. ఇది ఖాళీ డబ్బా ఎత్తుకుని పరిగెత్తి వచ్చి, సరిగ్గా దీపం ముందర నిలబడి, "పాట్టీ, అరిసి ఇల్లే" అని అరిచింది.

అవ్వా, బియ్యం లేవు అని, అరవంలో. నేనూ మా ఆయనా ఇద్దరం తెలుగువాళ్ళమే... అయినా పాపతో అరవం, ఇంగ్లీషు తప్ప మాట్లాడింది లేదు.

అమ్మ చెయ్యి గబుక్కున దాని నోటి వైపు పోయింది. పోయి, మధ్యలోనే ఆగిపోయింది. మెల్లగా చెయ్యి కొంగుకి తుడుచుకుంది. అమ్మకి అరవం బాగానే వచ్చు. లేవు బదులు అనాల్సిన ఆ ఒక్క మాట మాత్రం తెలుగులోనే వచ్చు.

ఏం తప్పు చేసినానని పాప నన్నడిగింది, ఇంగ్లీషులో. తలెత్తి అమ్మ మొహం చూడాలంటే సిగ్గేసింది... నిజంగా సిగ్గుతో చచ్చిపోయినా. ఎక్కడో సముద్రాల అవతలి వాళ్ళ వద్దులన్నీ దగ్గర కూర్చుని మురిసిపోతా వింటా ఉండా. మా అవ్వ చెప్పిన వద్దు ఒక్కటంటే ఒక్కటి దాని చెవిన వెయ్యలేదు.

అమ్మ దీపం వైపు తిరిగి దండం పెట్టుకుని, పాప బదులు తనే చిన్నగా అనింది.

"బియ్యం నిండుకున్నాయి తల్లీ."

ఆ రోజు అవ్వ నూనె చెయ్యి నా మూతి మీద పడిందని చాలాసేపు ఏడ్చినా. ఇప్పుడు అమ్మ చెయ్యి పాప మూతి దాకా పోలేక ఆగిపోయిందని ఏడుపొస్తా ఉంది...

మీ అవ్వలు, అమ్మమ్మలు ఏమేమి వద్దనేవాళ్ళు? కింద రాయండి. తెలుగులోనే రాయండి... పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చదివి వినిపించాల.