ముయా రాసిన పేజీ

సరిహద్దు ఊరు కొంటాలో శబరి నది రేవుకు దిగే దారిలో ఒక గది ఉంది. నలభై ఏళ్ళు దాని నిండా తెలుగు పుస్తకాలు ఉండేవి. ఇప్పుడు ఖాళీ అరలు మిగిలాయి. తాళంచెవి ఇంకా యేసుపాదం దగ్గరే ఉంది.

ఆయన కలప డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పగలు డిపో, సాయంత్రం గ్రంథాలయం. అంతే ఆయన జీవితం. ఆ గ్రంథాలయంలో రిజిస్టరు లేదు. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య గొడవల రోజుల్లో ఎవరేం చదువుతున్నారని ఆరా తీసేవాళ్ళు ఎక్కువైతే, ఉన్న రిజిస్టరును ఆయనే పొయ్యిలో పెట్టాడు. పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళు దాని చివరి తెల్ల పేజీలో పెన్సిలుతో పేరూ ఊరూ రాయాలన్నాడు. ఆరా తీసేవాళ్ళు అంత దూరం పేజీలు తిప్పరని ఆయన నమ్మకం. తిప్పలేదు కూడా.

సంత రోజున మరైగూడ నుంచి సుక్కి వచ్చేది. ఆమెకు చదువు రాదు. తేనెటీగల పెంపకం మీద ఉన్న పాత పుస్తకం తీసి, చివరి పేజీ తెరిచి, మూడో వరుస మీద వేలు పెట్టేది. ముయా, మరైగూడ. ఆమె అన్న. ఇరవై ఏళ్ళ కిందట జగర్గుండా వైపు పోయి తిరిగి రాలేదు. ఫోటో లేదు. అతని చేతి గుర్తుగా మిగిలింది ఆ రెండు మాటలే.

ఒకసారి అడిగింది.

"ఈ ఒక్క కాయితం చింపియ్యి కాకా. ఇంట్ల పెట్టుకుంట."

"పుస్తకం చింపొద్దు బిడ్డా. ఎప్పుడొచ్చినా చూసుకో. యాడికి పోతది?"

"చెదలు తింటేనో?"

"ముందు నన్ను తినాలె."

సుక్కి నవ్వింది.

పోయిన ఎండాకాలం అరుణ్ వచ్చాడు. ఆ గదిలోనే అక్షరాలు దిద్దుకున్నవాడు. పాత పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టే సంస్థలో పనిచేస్తున్నాడు.

"ఎవలైనా ఊరికే చదువుకోవచ్చు తాతా. అట్ట నుంచి అట్ట దాకా ఎక్కిస్తం. వానలకు ముందే నీ పుస్తకాలు నీకొస్తయి."

యేసుపాదం ఒక్కో పుస్తకాన్నీ తుడిచి పెట్టెల్లో సర్దాడు. రసీదు అడగలేదు.

వానలు వచ్చాయి. పుస్తకాలు ఫోనులోకి వచ్చాయి, గదికి రాలేదు.

సుక్కి వచ్చిన రోజు ఆయన గర్వంగానే ఫోను తెరిచాడు. తేనెటీగల పుస్తకం కనిపించింది. వేలితో జరుపుతూ పోయాడు. అచ్చు అయిపోయింది. దాని తర్వాత ఏమీ లేదు. మళ్ళీ మొదటి నుంచి జరిపాడు. సుక్కి ఫోనును చూడటం లేదు, ఆయన ముఖం చూస్తోంది.

అరుణ్‌కు ఫోను చేశాడు.

"చివరి పేజీ ఏదిరా?"

"తెల్ల పేజీలు వదిలేస్తం తాతా. పెన్సిల్ గీతలే గదా."

"పుస్తకాలెప్పుడు తెస్తవ్?"

"పుస్తకం కుట్టు కోస్తేనే కాయితాలు స్కాన్ మిషన్ల పోతయి. కోసినంక ఉంచరు. గుజ్జు చేసేస్తరు."

"నీకు ముందే ఎరికేనా?"

"చెప్తే ఇస్తుంటివా?"

"నీ పేరు గూడ ఆ పేజీలల్లనే ఉంది గదరా."

అవతల ఫోను పెట్టేశారు.

"అన్నీ కోసేసిండ్రు బిడ్డా. వాడు నన్ను మోసం జేసిండు," అన్నాడు యేసుపాదం.

సుక్కి అర దగ్గరికి వెళ్ళింది. ఆ పుస్తకం ఉండే చోటు ఆమెకు తెలుసు. అక్కడ వేలు పెట్టింది. దుమ్ము అంటింది.

"ఆ పిలగాడు ఎవలో నాకు తెల్వదు కాకా. చింపొద్దన్నది నువ్వు. ఇచ్చింది నువ్వు."

బుట్ట నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది.

ఇప్పటికీ సంతకు వస్తుంది. ఆ గది ముందు నుంచే పోతుంది. యేసుపాదం తలుపు తెరిచే ఉంచుతాడు. ఆమె లోపలికి చూడదు.