తడివేలు

ధర్మవరంలో మా నాయన నేసే పట్టుకు రంగులేసే పెద్దాయనకు ఒకటే రోగం. పట్టు కనబడితే చాలు, తడివేలుతో ఒక నీళ్ల చుక్క రాల్చేవాడు. ఇంకితే అసలు పట్టేనని తలాడించేవాడు. ఇంకక నిలబడితే నకిలీదని బూతులే. ముదిగుబ్బ బస్సులో సీటు గుడ్డను కూడా వదల్లేదు మహానుభావుడు.

నా రిసెప్షన్లో "నా బిడ్డ కట్టిండేది నేను నేసిన చీరే" అని నాయన అందరికీ చెప్పుకుంటాన్నాడు. నేనేమో అది బరువని బీరువాలో పెట్టి, అదే రంగుది ఆన్‌లైన్లో కొని కట్టుకున్నా.

పెద్దాయన అక్షింతలేసి, ఊరుకోక, నా కొంగు మీద కాఫీ చుక్క రాల్చినాడు. చేమాకు మీద నీళ్ల మాదిరి నిలబడింది.

"ఏమ్మా, ఇది యాడిది?" అని స్టేజీ అంతా వినబడేట్టు అడిగినాడు.

నాయన నా కొంగు చేతిలోకి తీసుకుని, ఆ చుక్క ఇంకుతాదేమోనని చూస్తా నిలబడినాడు.