పక్షులు లేవని దీవి

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో అడ్డం పడి ప్రశ్నలు వేసే మనిషిని నేను. "అప్పుడు లైటు ఉందా? నువ్వొక్కడివే చూశావా? ఒంట్లో జ్వరం ఏమైనా ఉందా?" అని అడిగి చాలామంది కథలు చెడగొట్టాను. సైన్సు టీచర్ని కావడం ఒక కారణమైతే, పుట్టుకతో వచ్చిన అనుమానపు బుద్ధి ఇంకో కారణం. మా అత్తగారు నన్ను "సీఐడీ కోడలు" అనేవారు. అలాంటి నేను ఇది చెబుతున్నాను. చెబుతూ నాకు నేనే అడ్డం పడుతుంటాను.

ఎనభైల మొదట్లో మేము అబూదాబీకి పడమరగా గల్ఫ్ సముద్రం ఒడ్డున ఉన్న రువైస్‌లో ఉండేవాళ్లం. మావారు ప్రసాదరావు ఆయిల్ రిఫైనరీ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. నేను అక్కడి బడిలో సైన్సు చెప్పేదాన్ని. అప్పటి రువైస్ అంటే కంపెనీ క్వార్టర్లు, ఇసుక, సముద్రం. చీర కొనుక్కోవాలన్నా అబూదాబీ దాకా ఎడారిలో కారు ప్రయాణమే. శుక్రవారం సెలవు వస్తే ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఆ శుక్రవారాల్లోనే డెంజిల్ గారు పక్షుల టూర్లు నడిపేవారు. ఆయన ఆంగ్లో ఇండియన్. గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినవాడు కాబట్టి తెలుగు బాగానే వచ్చు. స్టోర్స్‌లో ఉద్యోగం. సెలవు రోజున ఒక లాంచీ మాట్లాడుకుని, నలుగురైదుగురిని ఎక్కించుకుని, సముద్రంలో ఉన్న చిన్న చిన్న దీవులకి తీసుకెళ్లి, మామూలుగా ఎక్కడా కనిపించని పక్షుల్ని చూపించేవారు.

పిల్లలకి పాఠంలో చెప్పడానికి పనికొస్తుందని నేనే మావారిని బయలుదేరదీశాను. మాతోపాటు ఖాదర్ భాయ్ వచ్చాడు. ఆయనది కడప. కంపెనీ బస్సు డ్రైవరు. మా పక్క బ్లాకులో ఉండేవాడు. అరబ్బీ బాగా వచ్చు గనక లాంచీ నడిపే నఖుదాతో మాట్లాడటానికి డెంజిల్ గారు ఆయన్ని ఎప్పుడూ వెంట తీసుకెళ్లేవారు.

లాంచీ ఎక్కగానే నా కన్ను డెంజిల్ గారి పక్కనున్న మూత బుట్ట మీద పడింది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. అరుదైన పక్షుల గుడ్లు దొంగతనంగా అమ్ముకునేవాళ్లున్నారని బడిలో ఎవరో చెప్పగా విన్నాను. ఈయన మమ్మల్ని అడ్డం పెట్టుకుని గుడ్లు ఏరుకోవడానికే వెళుతున్నాడేమోనని మావారి చెవిలో అన్నాను.

"మొదలెట్టావా?" అన్నారాయన నవ్వుతూ.

మొదటి దీవిలో మాత్రం డెంజిల్ గారు అన్నమాట నిలబెట్టుకున్నారు. తెల్లటి ఒళ్లు, నల్లటి వీపు, ఒంటికి మించిన లావు ముక్కు ఉన్న పక్షిని చూపించారు. క్రాబ్ ప్లవర్ అంటారట. పీతల్ని కొట్టుకు తింటుంది. ఇసుకలో బొరియ తవ్వి లోపల గుడ్డు పెడుతుంది. పక్షి బొరియలో కాపురం చెయ్యడం నేను పుస్తకంలో కూడా చదవలేదు. ఆనందం పట్టలేక చిన్నపిల్లలా నోట్సు రాసుకున్నాను.

ఆ తరువాత ఆయన మూడు కాళ్ల స్టాండు మీద టెలిస్కోపు బిగించి, పడమర దిక్కున ఉన్న ఇంకో చిన్న దీవి వైపు తిప్పారు. అక్కడ టెర్న్ అనే చిన్న తెల్లపక్షులు వేలకొద్దీ గూళ్లు పెట్టాయని, దూరం నుంచి చూస్తే చాలని అన్నారు. ముందు తను కన్ను పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. తరువాత మా వైపు ఒకసారి చూసి, టెలిస్కోపుని చటుక్కున పక్కకి, ఏమీలేని నీళ్ల మీదికి తిప్పేశారు.

"అక్కడేం లేదు, టీచరమ్మా. ఇటు చూడండి, ఇటు నీటికాకులున్నాయి."

నా అనుమానానికి ఆ మాత్రం చాలు. ఏం దాస్తున్నాడో చూడాలని, ఆయన వద్దంటున్నా వినకుండా టెలిస్కోపుని మళ్లీ దీవి మీదికి తిప్పాను.

నేను చూసింది చూసినట్టు చెబుతాను. ఎండకి గాలి అల్లాడుతోంది, బొమ్మ నిలకడగా లేదు. కానీ ఆ దీవి మీద మనుషులున్నారు. నలుగురు. ముఖాలు తెలియలేదు. వరసగా నడుస్తున్నారు. వాళ్లలో ఒకరి తల మీద నల్లగా, గుండ్రంగా ఏదో ఉంది. గంప మోస్తున్నారనుకున్నాను. కాసేపటికి ఒక మనిషి కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు. ఒకరు ఒడ్డు వైపు పరిగెత్తారు. ఒకరు మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆ నల్లటిది నేల మీదికి దిగింది. అంతలో గాలి మరీ అల్లాడి అంతా కలిసిపోయింది.

"అక్కడెవరో పడిపోయారు!" అని అరిచాను.

మావారు వచ్చి చూశారు. ఆయనకి పక్షులే కనిపించాయి. ఖాదర్ భాయ్ చెయ్యి అడ్డం పెట్టుకుని ఉత్త కళ్లతో చూశాడు. "పడవ ల్యాకుండా ఆడికి మనుషులు యాడ్నించి వస్తారమ్మా?" అన్నాడు. నిజమే. దీవి చుట్టుపక్కల పడవ జాడ లేదు. నఖుదాని అడిగితే, పొద్దున్నించి ఈ వైపు ఇంకో పడవ రాలేదన్నాడు.

అయినా మనిషి పడిపోయాడేమోనన్న అనుమానం ఉన్నప్పుడు చూడకుండా పోవడం ఎలా? వెళ్దామన్నాను. డెంజిల్ గారు ఒప్పుకోలేదు. రాళ్లున్నాయన్నారు, గూళ్లు పాడవుతాయన్నారు. ఆయన ఎంత వద్దంటే నాకు అనుమానం అంత బలపడింది. ఆ నలుగురూ ఈయన మనుషులేననీ, అక్కడ గుడ్లు ఏరుతున్నారనీ నిశ్చయించుకున్నాను.

"మనిషి ప్రాణం కన్నా గూళ్లు ఎక్కువా? మీరు రాకపోతే మేమే వెళతాం" అన్నాను. మావారు కూడా నా మాటే బలపరిచారు.

డెంజిల్ గారు టెలిస్కోపుని స్టాండు నుంచి విప్పారు. "సరే. నేనూ వస్తా" అన్నారు.

రాళ్లు తప్పించుకుంటూ లాంచీ ఆ దీవి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది, ఎండ బాగా ముదిరింది. నేను లాంచీలోంచి నా నల్ల గొడుగు తీసుకున్నాను. నఖుదాని లాంచీలోనే ఉంచి, మేం నలుగురం చిన్న పడవలో ఒడ్డుకి చేరి, మొదటి అడుగు వేశామో లేదో, తెల్లటి దుప్పటి పట్టుకుని దులిపినట్టు దీవి మీది పక్షులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ అరుపులకి పక్కమనిషి మాట వినపడలేదు. కొన్ని మా తలల మీదికి దూకాయి.

అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఇందాక టెలిస్కోపులో ఆ నలుగురూ ఈ పక్షుల మధ్య నుంచే నడిచారు. ఒక్క పక్షి కూడా లేవలేదు. గూళ్ల మీద కూర్చున్నవి కూర్చున్నట్టే ఉన్నాయి. చూస్తున్నప్పుడు ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు.

నేల చూశాను. ఇసుక మీద పక్షుల కాళ్ల గుర్తులే ఉన్నాయి. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

పొరపాటు పడ్డానని ఒప్పుకుని వెనక్కి తిరుగుదామనుకుంటూనే, డెంజిల్ గారిని గమనిస్తున్నాను. పక్షుల కోసం ప్రాణమిచ్చే మనిషి ఒక్క పక్షి వంక కూడా చూడటం లేదు. మమ్మల్ని చూస్తున్నాడు. కాసేపు ఖాదర్ భాయ్‌ని, కాసేపు నన్ను, కాసేపు మావారిని. "నీళ్లు తాగారా? ఆయాసంగా ఉందా? గుండెల్లో ఏమైనా నొప్పిగా ఉందా?" అని వెంటపడి అడుగుతున్నాడు. మమ్మల్ని భయపెట్టి తొందరగా పంపేసే ఎత్తు అనుకున్నాను.

"యల్లా, పోదాం. చూశారుగా, ఎవరూ లేరు. ఖలాస్" అన్నాడు.

"ఒక్క నిమిషం కూర్చుంటా" అన్నారు మావారు.

అన్నారో లేదో కూలబడ్డారు. పక్కకి ఒరిగిపోయారు.

డెంజిల్ గారు నఖుదాని కేకేస్తూ ఒడ్డు వైపు పరిగెత్తారు. ఖాదర్ భాయ్ మోకాళ్ల మీద కూర్చుని మావారి చొక్కా గుండీలు విప్పి సీసాలో నీళ్లు ముఖం మీద పోస్తున్నాడు. ఎండ నేరుగా ఆయన కళ్లలో పడుతోంది. నేను గొడుగు కిందికి దించి ఆయన తలకి నీడ పట్టాను.

గొడుగు నేలకి ఆనిన ఆ క్షణంలో నాకు అర్థమైంది, ఇందాక నేను చూసింది ఎవరినో.

మావారు కళ్లు సగం తెరిచారు. పెదవులు నల్లబడ్డాయి. చెయ్యెత్తి, మేము వచ్చిన దీవి వైపు వేలు చూపించారు.

"అక్కడెవరో నిలబడి మనల్ని చూస్తున్నారే. పిలువు. సాయానికి పిలువు" అన్నారు.

ఆ దీవి మీద ఎవరూ ఉండటానికి వీల్లేదు. మేమంతా ఇక్కడే ఉన్నాం. తల తిప్పితే ఎంత దూరం? కానీ తిప్పలేకపోయాను. అన్నింటినీ తరచి చూసే నేను, ఆ ఒక్కటీ చూడలేదు.

"చూడొద్దు చెల్లెమ్మా. పట్టుకో, లేపుదాం" అన్నాడు ఖాదర్ భాయ్. ఆయన ఆ మాట ఎందుకన్నాడో తరువాత అడిగితే, తను అలా అనలేదన్నాడు.

లాంచీలో చేపల పెట్టెలో ఉన్న ఐసు తీసి గుడ్డలో చుట్టి పెట్టాం. రువైస్ చేరేసరికి ఆయనకి తెలివి వచ్చింది. అక్కణ్ణించి అంబులెన్సులో అబూదాబీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండెపోటు, దానికి ఎండ తోడైంది అన్నారు డాక్టరు. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఆయన కోలుకున్నారు.

మంచం మీద లేచి కూర్చోగానే, నేను చెప్పిందంతా విని, "ఎండమావే. నువ్వే పిల్లలకి పాఠం చెబుతావు కదా" అన్నారు. చెబుతాను. వేడి గాలిలో వెలుగు వంగుతుంది, ఎక్కడో ఉన్నది ఇంకెక్కడో కనిపిస్తుంది. కానీ ఎండమావి దూరాన ఉన్నదాన్ని దగ్గరికి తేగలదు గానీ, మధ్యాహ్నం జరగబోయేదాన్ని పొద్దుటికి తేలేదు. దీవి వైపు వేలు చూపించిన సంగతి అడిగితే, తనకి ఆ రోజు కూలబడటం వరకే గుర్తుందన్నారు.

డెంజిల్ గారు పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు. బుట్ట గురించి నేను తప్పుగా అనుకున్నానని అప్పటికే తేలింది. ఐసు కోసం లాంచీ అంతా వెతుకుతున్నప్పుడు ఖాదర్ భాయ్ దాని మూత తీశాడు. అందులో ఉన్నవి కెమెరా, రెండు బ్రెడ్డు ముక్కలు. దానికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. కానీ నా రెండో అనుమానం అలాగే ఉంది. ఆయన్ని వరండాలోకి పిలిచి సూటిగా అడిగాను.

"టెలిస్కోపు ఎందుకు తిప్పేశారు?"

"సూర్యుడు అద్దంలో పడ్డాడు, టీచరమ్మా."

"పొద్దున పూట పడమర దిక్కు చూస్తుంటే సూర్యుడు అద్దంలో ఎలా పడతాడండీ? మన వీపు వెనక కదా ఉన్నాడు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మీరు ముందే చూశారు. ఎవరు పడతారో తెలియక అందర్నీ నీళ్లు తాగమన్నారు. అవునా?"

వరండాలో అటూ ఇటూ మనుషులు తిరుగుతున్నారు. ఆయన గొంతు బాగా తగ్గించి, "మీ ఆయన లేచాడు కదా. ఈసారి లేచాడు. చాలు, ఇంక వదిలెయ్ తల్లీ" అన్నారు.

ఈసారి అంటే ఏమిటని నేను అడిగేలోపే నర్సు వచ్చి మావారు పిలుస్తున్నారని చెప్పింది. నేను లోపలికి వెళ్లి తిరిగి వచ్చేసరికి ఆయన లేరు.

ఆ తరువాత డెంజిల్ గారు ఎవరినీ ఏ దీవికీ తీసుకెళ్లలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులనేవారు. స్టోర్స్ దగ్గర ఎదురుపడితే దండం పెట్టి పక్కకి తప్పుకునేవారు. కొంతకాలానికి ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. గుంతకల్లు వెళ్లాడని కొందరు, వాళ్లక్క దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లాడని కొందరు అన్నారు. మాకంటే ముందు ఆయనతో టూరుకి వెళ్లినవాళ్లలో ఎవరికైనా ఏమైనా జరిగిందా అని ఖాదర్ భాయ్‌ని ఎన్నోసార్లు అడిగాను. "నాకు తెలిసి ల్యాదమ్మా" అనేవాడు ప్రతిసారీ. ఆ "నాకు తెలిసి" అన్నప్పుడు నా ముఖం వంక చూసేవాడు కాదు.

ఇదీ జరిగింది. ఎండ, భయం, నా అనుమానపు బుద్ధి, ఇవన్నీ లెక్కలోకి తీసుకునే చెప్పాను. ఎవరైనా ఈ కథ నాకు చెప్పి ఉంటే ఎన్ని ప్రశ్నలు వేసి ఉండేదాన్నో అవన్నీ వేసుకున్నాను. నేను పట్టుబట్టి ఉండకపోతే మావారు ఆ ఎండలో నడిచేవారు కాదు కదా, అప్పుడు ఆ పడిన మనిషి ఎవరు అన్న దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను. మావారు ఆ తరువాత చాలా ఏళ్లు బతికారు. ఆయన నవ్వుతూ ఎండమావి అన్నప్పుడల్లా నేనూ సరేననేదాన్ని. నాకు తెలియదు అనడం కంటే అదే తేలిక.