ఆ ఒక్క కెపాసిటర్ లేని పొద్దున

ఆ రోజు ఆ డబ్బా మూత తీసినప్పుడు గదిలో ఉన్నది ముగ్గురం. మేము పోయాక ఇది చెప్పేవాళ్లు ఉండరు, అందుకే రాసిపెడుతున్నాను. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. సంగారెడ్డి గ్రంథాలయంలో పదేళ్ల ఆదివారాలు గడిపినవాణ్ణి. దేనికైనా కారణం ఏదో ఒక పుస్తకంలో ఉంటుందనుకునేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్లకు, పటాన్‌చెరులో మైక్రోవేవ్ పరికరాలు చేసే చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ణి. చదువు ఐటీఐ, పని వైరింగు. కానీ అక్కడ చేసిన ఒక క్రాసోవర్‌కు డిజైన్ నాది.

ఒకే సర్క్యూట్ పలక మీద రెండు సిగ్నళ్లు ఒకదాని దారిని ఒకటి దాటాలి, కలవకూడదు. ఆ పని చేసేదే క్రాసోవర్. మామూలుగా గీస్తే ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే పనిచేస్తుంది. మాకు రెండింటి దగ్గర కావాలి. పలక మీద సిగ్నల్ నడిచే రాగి గీతను అక్కడక్కడ తెంచి, తెగిన చోట చిన్న కెపాసిటర్లు అతికి, పక్కన కాయిల్స్ కలిపితే అందులో తరంగం నడిచే తీరే మారిపోతుంది. దాన్ని మెటామెటీరియల్ లైన్ అంటారు. విదేశీ పత్రికల జిరాక్సులు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఏడాది చదివి లెక్కలు కట్టాను.

మా ఇంజనీరు ఖలీల్ సార్ తన పూచీ మీద దాన్ని ఒప్పుకున్నారు. పరీక్షలో నెగ్గితే నాకు డిజైన్ బల్ల దగ్గర కుర్చీ. లేకుంటే నేను మళ్లీ వైరింగుకే, ఆయనకు తలవంపులు.

కెపాసిటర్లు నువ్వుగింజంత ఉంటాయి. పక్క ఊరు చిట్కుల్ నుంచి వచ్చే అంజమ్మక్క వాటిని మైక్రోస్కోప్ కింద అతికేది. ఒకటి అతికినప్పుడల్లా ఒక చింతగింజను ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వేసేది. ఇరవై నాలుగు కెపాసిటర్లకు ఇరవై నాలుగు గింజలు. పని అయ్యేసరికి కరెంటు పోయింది. కొలవకుండానే పలకను డబ్బాలో పెట్టి, మూత బిగించి ఇంటికి వెళ్లాం.

మర్నాడు పొద్దున్నే కొనేవాళ్ల తరపు అధికారి వచ్చారు. ఆ పలకను కొలవడం అదే మొదటిసారి. సిగ్నల్‌ను కొలిచే అనలైజర్ తెర మీద రెండు ఫ్రీక్వెన్సీల దగ్గరా గీత నా లెక్క ప్రకారమే వచ్చింది. ప్రింటు తీసి కింద సంతకం చేశాను. భోంచేసి వచ్చి డబ్బా తీసుకెళ్తానని ఆయన బయటికి వెళ్లారు.

అప్పుడు అంజమ్మక్క వచ్చింది. "తమ్మీ, కోపానికి రాకు. గిన్నెల ఒక గింజ మిగిలింది. నిన్న చాయకు పిలిస్తే లేసిన, గప్పుడే ఒకటి ఇడిసిన కావచ్చు."

పనిచేసింది కదా అని నవ్వాను. ఆమె నవ్వలేదు. "పనిచేస్తే మంచిదే. గని నేనైతే పెట్టలే."

ఊరుకుంటే ఎవరూ అడగరు. కాసేపు ఊరుకున్నాను కూడా. తర్వాత మనసు ఒప్పక ఖలీల్ సార్‌కు చెప్పాను. మూత తీశాం.

మొదటి సిగ్నల్ దారిలో ఒక తెగిన చోటు తెగినట్టే ఉంది. రెండు వైపులా బంగారు పూత మెరుస్తోంది, ముక్కను అతికే సోల్డర్ అంటిన జాడే లేదు. ఊడిపడిందనుకోవడానికి డబ్బాలో విడి ముక్కా లేదు. అంత సన్నని ఖాళీని తరంగం కొంత దూకుతుంది, నిజమే. ఆ కొంత ఎంతో లెక్కకట్టాను. దేనికీ చాలదు.

ఖలీల్ సార్ చాలాసేపు మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తలేదు. "మల్లేశం, గీడ ఏం లేదు. మరి పొద్దుగాల మనం చూసిందేంది?" అన్నారు.

మళ్లీ కొలిచాం. ఈసారి గీత కుప్పకూలింది. అంజమ్మక్క ఆ ఒక్కటీ అతికింది. కొలిస్తే సరిగ్గా వచ్చింది, ప్రింటు తీశాం. పొద్దుటి కాగితాన్నీ దీన్నీ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టాం. కేబుల్ కాస్త కదిలినా గీతలో తేడా వస్తుంది. ఒకే పలకను వెంటవెంటనే కొలిచినా వస్తుంది. ఆ రెండు కాగితాల గీతలకూ వెంట్రుకవాసి తేడా కూడా లేదు. అంజమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఒక ముక్క అతికి మళ్లీ కొలిచామని మాత్రం అధికారికి చెప్పాం. ఆయన కొత్త కాగితం తీసుకున్నారు. నాకు కుర్చీ వచ్చింది. పాత కాగితం నా దగ్గరే ఉంది. దాన్ని తప్పు అనలేను, ఒప్పు అనలేను. కింద ఉన్న సంతకం మాత్రం నాదే. కారణం ఇప్పటికీ ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

నన్ను నమ్మిన ఖలీల్ సార్‌కు, ఊరుకోగలిగీ ఊరుకోని అంజమ్మక్కకు, అడిగిన ప్రతి పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం నర్సింలు గారికి నా కృతజ్ఞతలు. ఆ పొద్దున కాసేపు ఆ ఖాళీలో నిలబడ్డది ఏదైనా ఉంటే దానికి కూడా. దాని పేరు తెలియదు కనుక రాయలేకపోతున్నాను.