గీత లేని చుక్క

ఎరల్ వికరీ మా దగ్గరికి రాకముందే కోడ్ రాయడం మానేశాడు. ఇప్పుడు అందరూ రాసినదాన్ని బొమ్మగా చూపిస్తాడు.

మా ఆఫీసు ఆస్ట్రేలియాలో, హోబర్ట్ రేవు పక్కన, వేయించిన చేపల వాసన కొట్టే మేడ మీద. అవతలి దీవికి బళ్లనీ మనుషుల్నీ మోసే ఫెర్రీలకి టికెట్ల ప్రోగ్రామ్ మాదే. అంతా పైథాన్ భాషలో రాసింది. ఎంతమంది చేతులు పడ్డాయో, ఏ ముక్క ఎక్కడుందో రాసినవాళ్లకే గుర్తులేదు. ఎరల్ దాన్నంతా తెర మీద చుక్కలుగా పరిచాడు. ఒక్కో ఫంక్షన్, అంటే ఏదో ఒక పని చేసే కోడ్ ముక్క, ఒక్కో చుక్క; ఏది దేన్ని పిలుస్తుందో ఆ రెంటి మధ్యా గీత. ఒక చుక్కని మౌస్‌తో పట్టి లాగితే దాని బంధుబలగం మొత్తం పెళ్లికి బయల్దేరినట్టు వెనకే వచ్చేస్తుంది. బాగుంటుంది, కాదనను. కానీ అది మొదటిసారి లాగినప్పుడు.

యాభై దాటిన మనిషి, సైకిల్ తొక్కే బిగుతు నిక్కరుతోనే మీటింగులకొస్తాడు. పొద్దున్నే అందరం నిలబడి నిన్న చేసిన పని తలా ఒక ముక్కలో చెప్పుకుంటాం. ఎరల్ వంతు వచ్చిందంటే తెర వెలుగుతుంది.

"నిన్న చుక్కలు కొంచెం మెల్లగా ఊగేట్టు చేశాను."

"ఎందుకు?" అంటుంది లూపే. ఆమెది సమోవా. మాలో నిజంగా పనిచేసేది ఆమే, నోరు కూడా ఆమెదే.

"ఊరికే చూడు. ఎంత ప్రశాంతంగా ఉందో."

ఈ వైభోగమంతా అరువుది. ఎరల్ అసలు పని ఫిర్యాదుల ఫోన్. టికెట్ రాలేదనీ, కుక్కని ఎక్కనివ్వలేదనీ తిట్టేవాళ్లకి సారీ చెప్పుకోవడం. ఆ ఫోనంటే మనవాడికి ప్రాణసంకటం. దాన్నుంచి తప్పించుకోవడానికే ఈ బొమ్మ మొదలెట్టాడు. అది మా మేనేజర్ థియా లోనర్గన్‌కీ తెలుసు.

"ఎరల్, ఆ బొమ్మతో పనికొచ్చేది ఏదైనా చేసి చూపించు" అంది ఆమె. "వచ్చే సోమవారంలోగా కుదరకపోతే మళ్లీ ఫోన్ దగ్గర కూర్చో."

మనవాడు మూడురోజులు చుక్కల్ని తెగ లాగాడు. చివరికి తెర మూలన ఒక చుక్క దొరికింది. దానికి ఒక్క గీతా లేదు.

"ఇదిగో, చచ్చిన కోడ్. తీసిపారేస్తున్నా."

"పెద్దాయనా, తెరిచి చదివావా అదేంటో?" అంది లూపే.

"చదవడమెందుకు, దాన్ని ఎవరూ పిలవట్లేదు. చూడు, గీత లేదు."

"నిన్ను కూడా ఎవరూ పిలవరుగా. తీసేద్దామా?"

ఎరల్ నవ్వలేదు. తీసేశాడు. శుభ్రమైన బొమ్మ చూసి థియా "బాగానే ఉంది" అని మాత్రం అంది. ఆ మాటకే మనవాడు ఫోన్ వైరు చుట్టి సొరుగులో పెట్టేశాడు.

శనివారం అవతలి దీవిలో గుర్రాల పోటీలు. పొద్దున్నే రేవులో కార్ల వెనక గుర్రాల్ని మోసే ట్రైలర్లు బారులు తీరాయి. కౌంటర్లో ఒక్కదానికీ టికెట్ రాదు. కార్లకి వస్తోంది, బైకులకి వస్తోంది, ట్రైలర్ అని కొట్టగానే తెర బిగుసుకుపోతోంది. ఎరల్ ఫోన్ మూలపడింది కాబట్టి ఆరోజు ఫిర్యాదులన్నీ లూపే ఫోన్‌కి వచ్చాయి.

"అమ్మాయ్," అందట అవతల ఒక ముసలావిడ, "నా గుర్రం ఇందాకట్నించీ సముద్రాన్నే చూస్తోంది. ఈదుకుంటూ పొమ్మంటారా దాన్ని?"

జరిగింది ఇది. కౌంటర్ ప్రోగ్రామ్ వచ్చిన బండి పేరుని 'ధర' అన్న మాటకి అతికించి, ఆ పేరుతో ఉన్న ఫంక్షన్ని అప్పటికప్పుడు పిలుస్తుంది. పైథాన్‌లో అలా కుదురుతుంది. అందుకే పిలుపు కోడ్‌లో నేరుగా రాసి ఉండదు, రాసి లేనిదానికి ఎరల్ బొమ్మ గీత గీయదు. కార్లకీ బైకులకీ ఇంకోచోట మామూలు పిలుపులున్నాయి కాబట్టి వాటి చుక్కలు గీతలతో బతికిపోయాయి. గుర్రాలకి లేవు; ఎరల్ తీసేసింది వాటి ధర చెప్పే ముక్కనే. దాన్ని తెరిచి చదివితే మొదటి వరుసలోనే 'గుర్రాల ట్రైలర్' అని ఉంది. మనవాడు చదవడు, చూస్తాడు.

లూపే ఆ ముక్కని తిరిగి పెట్టేసరికి పోటీలు సగం అయిపోయాయి.

ప్రోగ్రామ్ పడగొట్టినవాడి బల్ల మీద రబ్బరు చేప వేలాడదీయడం మా దగ్గర రివాజు. టీ వేళకి అందరికీ లామింగ్టన్లు, అంటే కొబ్బరి అద్దిన చాక్లెట్ కేకు ముక్కలు, కూడా వాడే తేవాలి. కోడ్ రాయనివాడికి చేప రాదు కాబట్టి ఎరల్‌కి ఇదే మొదటిసారి. సోమవారం చేప కింద కూర్చుని, సొరుగులోని ఫోన్ వైరు వైపు చూస్తున్నాడు.

థియా వచ్చింది. లామింగ్టన్ ఒకటి తీసుకుంది.

"నిన్ను ఫోన్ దగ్గర పెడితే ఆ గుర్రాలవాళ్లకి నువ్వే జవాబు చెప్పాలి. నువ్వేం చెబుతావో తలుచుకుంటేనే భయంగా ఉంది. కోడ్ దగ్గరికి అసలు రావద్దు. బొమ్మంటే మాత్రం మన కంపెనీ బోర్డువాళ్లకి మోజు. వచ్చినవాళ్లకి అది చూపిస్తూ ఉండు."

"అంటే ఇక నా పని ఇదేనా?"

"దేన్నీ ముట్టుకోకుండా ఉండటం. అదే నీ పని."

ఎరల్ దీన్ని ప్రమోషన్ కింద లెక్కేసుకున్నాడు. పెద్ద తెర అడిగాడు, ఇచ్చారు కూడా. ఫోన్ లూపేకి పోయింది.

ఆ గుర్రాల చుక్క ఇప్పుడు తెర నడిమధ్యలో ఉంది. మనవాడి బొమ్మలో ఇప్పటికీ దానికి గీత పడదు. అందుకని ఎర్రగా ఒకటి చేత్తో గీసిపెట్టాడు. బోర్డువాళ్లు వస్తే ముందు దాన్నే లాగమంటాడు.

"ఇలాంటి సంబంధాలు మామూలు కంటికి దొరకవు" అంటాడు, చేప తలకి తగలకుండా కాస్త పక్కకి ఒంగి.