హథ్‌ఖోజ్ షెడ్డులో నా సామ్రాజ్యం

ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసింది. నేనే దాన్ని వదిలేశానని మా అక్క ఇప్పటికీ అంటుంది. అలాంటి నాకు, చరిత్రలో డాక్టరేటు చేస్తున్న మేనకోడలు.

సైన్సు ఏది వెతకాలో, ఏది వదిలేయాలో సామ్రాజ్యం ఏలిన దొరలూ వ్యాపారులూ ఎలా తేల్చారన్నది దాని పరిశోధన. ఇనుపరాయి కోసం కొండలన్నీ గాలించి పటాలు గీయించారట. ఆ కొండల్లో తాగునీళ్లు ఎక్కడున్నాయో చూడ్డానికి అంత ఓపిక చూపలేదట.

మా బావకి ఇది మింగుడుపడలేదు. స్టీలు ప్లాంటులో రిటైరై, హథ్‌ఖోజ్‌లోని నా లేత్ షెడ్డులో కొలతలు చూస్తున్నాడు. మైక్రోమీటరు చేతిలో ఉంటే దేవుడు తెచ్చిన షాఫ్టునైనా వెనక్కి పంపేస్తాడు. సైన్సుకి యజమాని ఉంటాడని కన్నకూతురే రాస్తే ఎలా? విశ్వకర్మ పూజ మర్నాడే రాయ్‌పూర్‌లో అది ప్రొఫెసర్ల ముందు తన వాదన నిలబెట్టుకోవాలి. నాన్న రావాలని దాని కోరిక. ఆయన రానన్నాడు.

పూజ రోజది. మెషిన్లు ఆపి, బొట్లు పెట్టి, బూందీ పంచుతున్నాం. ఆఖరిసారి అడిగి చూద్దామని అది షెడ్డుకే వచ్చింది.

"మైక్రోమీటరుకి రాజెవడో తెల్దమ్మా," అని అరిచాడు బావ. "దొర పట్టినా కూలోడు పట్టినా ఒకటే సూపిస్తాది."

"సహీ నాన్నా. కానీ దాన్ని దేనిమీద పెట్టాలో ఎవరు చెప్తారు?"

"మీ మావయ్య సెప్తాడు. ఆడికి ఆర్డరిచ్చినోడు సెప్తాడు. అందులో ఏటుంది?"

గొడవనుకుని పక్క షెడ్డు భయ్యా పరిగెత్తుకొచ్చాడు. ఏమీ లేదు, బూందీ తినమని నేనూ అరిచే చెప్పాను. మాకది మామూలు గొంతే. మెషిన్లు ఆగిన సంగతి ఆ గొంతుకి తెలియదు.

"అన్నీ బంద్ ఉన్నాయి కదా, ఇద్దరూ ఎందుకు అరుస్తున్నారు?" అంది మేనకోడలు మెల్లగా. "ఇక్కడి రొద ఎంతో ఎప్పుడైనా కొలిచారా నాన్నా?"

"ఏటీ?" అన్నాడు బావ, చెవి ముందుకు పెట్టి.

మళ్లీ అడిగింది.

"దాన్ని కొలవమని ఎవడు ఆర్డరిచ్చాడు..." అంటూనే ఆగిపోయాడు.

నాకు నవ్వాగలేదు. "బావా, అది రాసిన సామ్రాజ్యం నాదే. కిరీటం లేదు గానీ సీలింగు ఫ్యాను ఉంది."

"నువ్వు నోర్ముయ్యిరా," అన్నాడు, అరవకుండా. కాసేపు లేత్ వైపు చూసి కూతురి వైపు తిరిగాడు. "రేపెన్నింటికమ్మా? నానొస్తాను. ముందు వరసలో కూకోబెట్టు. ఎనకనుంచి నాకు ఇనబడదు."